పంతొమ్మిదిసార్లు మొదటి పాఠం

మంచి పని ఏదైనా దానంతట అది జరుగుతున్నప్పుడు, దానికొక పద్ధతి, ఒక కార్యాలయం, ఒక దరఖాస్తు ఫారం ఏర్పాటు చేస్తే అది మరింత బాగా జరుగుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. దేవుడి విషయంలోనైనా అప్పుడప్పుడు రుజువు అడిగేవాళ్లు కనిపిస్తారు గాని, ఈ నమ్మకానికి రుజువు అడిగినవాళ్లు ఇంతవరకు కనిపించలేదు. పరీక్షించాలంటే ముందు ఒక పని కావాలి. తరవాత ఒక పద్ధతి కావాలి. పద్ధతికి ముందూ వెనకా కొలిచి చూడడానికి ఒక మనిషి కావాలి. ఈ మూడూ కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఒకే విద్యాసంవత్సరంలో, ఎవరూ ఉద్దేశించకుండానే, సమకూరాయి.

ఆ మనిషి పేరు సూరాడ నూకరత్నం. సముద్రం ఒడ్డు ఊరు, పదో తరగతి. వాళ్ల ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు బదిలీ అయి రెండేళ్లయింది. ఆయన స్థానంలోకి ఆయన కుర్చీ తప్ప మరెవరూ రాలేదు. తొమ్మిదో తరగతి లెక్కల్లో నూకరత్నానికి నూటికి పదకొండు మార్కులు వచ్చాయి.

ఆ ఊరికి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో బొంతు రేవతి ఎమ్మెస్సీ గణితం రెండో సంవత్సరం చదువుతోంది. ఆడపిల్లల హాస్టల్లో వంటచేసే పైడమ్మ నూకరత్నానికి పిన్ని. జూలై నెలలో ఒకనాడు ఆమె రేవతి పళ్లెంలో సాంబారు వడ్డిస్తూ, "మా అప్ప కూతురికి లెక్కలంటే జొరమొచ్చేత్తాదమ్మా. నువ్వు లెక్కలే సదువుతున్నావంట గదా, ఫోన్లో ఓపాలి దానితోటి మాటాడకూడదా?" అంది. రేవతి ఒకసారి మాట్లాడింది. మర్నాడు మళ్లీ మాట్లాడింది. ఆ నెలాఖరుకు రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మాట్లాడడం అలవాటయింది. ఆమెను చూసి హాస్టళ్లలో మరో ముప్పై మంది, తమకు తెలిసినవాళ్ల ద్వారా తెలిసిన పిల్లలకు, ఎవరికి వచ్చిన సబ్జెక్టు వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. దానికి పేరు లేదు. పేరు పెట్టవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

నూకరత్నం వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఒక్కచోటే వచ్చేది. ఇసకలో బోర్లా వేసిన పాత పడవ మీదికి ఎక్కి కూర్చుంటే రేవతి ముఖం స్పష్టంగా కనపడేది, దిగితే గొంతు కూడా పోయేది.

"ఆరుని రెండు ముక్కలుగా చెయ్యి రత్నం. ముక్కల్ని గుణిస్తే ఆరు రావాలి, కలిపితే ఐదు రావాలి" అనేది రేవతి.

"రెండూ మూడూ గదక్కా."

"అంతే. నువ్వు చేసినదే వర్గ సమీకరణం."

"ఇదేనా? ఓలమ్మ! దీనికా అంత పేరెట్టినారు? ఆ పేరినేసరికే మా కలాసులో సగం మంది బెంచీ కిందికి దూరిపోతన్నారు."

నవంబరు పరీక్షలో ఆమెకు నలభై మూడు వచ్చాయి. ఆ సాయంత్రం ఫోన్లోకి తల్లి ఎర్రమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి, మాట దాచుకునే అలవాటు లేదు.

"సూడమ్మా రేవతమ్మా, నీతో ఉన్నమాట సెప్తాను. దీని ఎనక ఇద్దరు సిన్నోలున్నారు. ఆల నాయిన ఏటకెల్తే తిరిగొచ్చీదాకా నాకు నమ్మకం నేదు. మార్చిలో లెక్కలు పాసయినాదంటే ఇంటర్లో జేరుస్తాను, గంగమ్మ మీదొట్టు. తప్పినాదా, రొయ్యల కంపినీ బస్సు మా ఈదిలోకే వొస్తాది. నాను ఎక్కమనక్కర్నేదు, అదే ఎక్కేస్తాది."

"పాసవుతుందమ్మా" అంది రేవతి. గణితం చదివిన మనిషి కనుక ఆ మాట ఊరికే అనలేదు. పధ్నాలుగు అధ్యాయాల్లో నాలుగోది పూర్తి కావస్తోంది, నాలుగు నెలల సమయం ఉంది, రోజుకో గంట ఉంది. లెక్క సరిపోయింది.

ఆ వారమే విశ్వవిద్యాలయానికి ఒక తనిఖీ బృందం వచ్చి, "మీ విద్యార్థులు సమాజానికి ఏమి సేవ చేస్తున్నారు?" అని అడిగింది. విద్యార్థి సేవా వ్యవహారాల డీన్ ఆచార్య పినాకపాణి గారు వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ఆయన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో జవాబు చెప్పలేకపోవడం అదే మొదటిసారి కావడం వల్ల, రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఎవరో హాస్టల్ సంగతి చెవిన వేశారు. రేవతికి కబురు వెళ్లింది.

"ఎన్నాళ్లుగా మీరు ఈ కార్యక్రమం నిర్వహిస్తున్నారు?" అని అడిగారు ఆచార్యులవారు.

"కార్యక్రమం కాదు సార్. సాయంత్రం ఒక గంట చెబుతున్నాను."

"ఎవరి ఉత్తర్వుల మేరకు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

ఆచార్యులవారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "అంటే, ఐదు నెలలుగా ముప్పై ఒక్క మంది విద్యార్థులు ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ పర్యవేక్షణా లేకుండా పిల్లలకు చదువు చెబుతున్నారన్నమాట. జరగరానిది ఏదైనా జరిగితే?"

"ఏం జరుగుతుంది సార్?"

"అది మీకు తెలియకపోవడమే ప్రమాదం. అయినా మీరు కంగారుపడకండి. దీన్ని నేను చక్కదిద్దుతాను."

చక్కదిద్దడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. 'స్వచ్ఛంద అంతర్జాల విద్యాసేవా పర్యవేక్షణ కేంద్రం' అనే బోర్డు డీన్ గారి గది పక్కన వెలిసింది. నోటీసు బోర్డులన్నింటి మీదా ఈ సర్క్యులర్ అంటించారు:

"విశ్వవిద్యాలయ విద్యార్థులెల్లరును స్వచ్ఛందముగా ముందుకు వచ్చి పాఠశాల బాలబాలికలకు అంతర్జాలము ద్వారా ముప్పది గంటలు బోధింపవలసినదిగా ఆదేశించడమైనది. స్వచ్ఛందముగా ముందుకు రానివారికి పట్టా మంజూరు చేయబడదు. ప్రతి విద్యార్థియు తాను ఎవరి ఒత్తిడియు లేక ఇష్టపూర్వకముగా ఈ సేవకు పూనుకొనుచున్నట్లు నోటరీ సంతకముతో ప్రమాణపత్రము శుక్రవారము సాయంత్రము ఐదు గంటలలోగా దాఖలు చేయవలెను. గడువు మీరినచో హాల్ టిక్కెట్టు నిలిపివేయబడును."

శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకల్లా నాలుగువేల ఆరువందల తొంభై ముగ్గురు విద్యార్థులు ఎవరి ఒత్తిడీ లేదని ప్రమాణం చేశారు. ఇంత స్వచ్ఛందత ఒకేచోట, ఒకేరోజు వెల్లివిరియడం తన అనుభవంలో లేదని నోటరీ గారు అన్నారు.

తరవాత పిల్లల జాబితా తయారైంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి, తల్లిదండ్రులు ఒప్పుకున్నవాళ్లూ ఫోను ఉన్నవాళ్లూ అయిన పిల్లలు రెండువందల నలభై ఏడుగురు తేలారు. మామూలు మనిషి అయితే బోధించేవాళ్లు ఎక్కువయ్యారని గ్రహించి ఊరుకునేవాడు. పినాకపాణి గారు మామూలు మనిషి కారు. కాగితం తీసుకుని స్వయంగా భాగహారం చేశారు. నాలుగువేల ఆరువందల తొంభై మూడును రెండువందల నలభై ఏడుతో భాగిస్తే పంతొమ్మిది వచ్చింది. శేషం సున్న.

"చూశారా! శేషం సున్న!" అన్నారు ఆయన సమావేశంలో, కాగితం పైకెత్తి. "ప్రకృతే మన పథకానికి ఆమోదం తెలిపింది."

ఒక్కొక్క బిడ్డకు పంతొమ్మిది మంది గురువులు. ఒక్కొక్కరికి ముప్పై గంటల చొప్పున ఐదువందల డెబ్బై గంటలు. డిసెంబరు ఒకటి నుంచి మార్చి పదో తేదీ వరకు నూరు రోజులు. అంటే ప్రతి బిడ్డా, ఆదివారాలూ పండగలూ లేకుండా, రోజుకు ఐదు గంటల నలభై రెండు నిమిషాలు సహాయం పొందాలి. అంత సమయం బడికి వెళితే కుదరదు కనుక, ఆ పిల్లలను తరగతుల నుంచి మినహాయించవలసిందని పాఠశాలలకు లేఖలు వెళ్లాయి. చదువులో వెనకబడకుండా కాపాడడానికి వాళ్లను బడి నుంచి తప్పించడం అత్యవసరమని ఆ లేఖలో వివరంగా రాసి ఉంది.

నియమాలు ఇరవై మూడు. వాటిలో మూడు ఈ కథకు అవసరం. నాలుగో నియమం: నిష్పాక్షికతను కాపాడుట కొరకు, సేవకునికి పూర్వపరిచయము గల లబ్ధిదారును ఆ సేవకునికి కేటాయింపరాదు. ఆరో నియమం: బోధన క్రమబద్ధముగా సాగుట కొరకు, ప్రతి సేవకుని రికార్డు పాఠ్యపుస్తకములోని మొదటి అధ్యాయముతోనే ప్రారంభము కావలెను; అది వచ్చినట్లు పంతొమ్మిదిమందియు ధ్రువీకరించువరకు రెండవది చెప్పరాదు. తొమ్మిదో నియమం: లబ్ధిదారు ముఖము కన్నులు తెరచియుండగా తీసిన ఫొటో లేనిచో ఆ గంట జరగనట్లే భావింపబడును.

నాలుగో నియమం ప్రకారం నూకరత్నం రేవతికి దక్కలేదు. ఆమెను మరో పంతొమ్మిది మందికి ఇచ్చారు. రేవతికి ఇంకో జిల్లాలోని ఎనిమిదో తరగతి అమ్మాయిని కేటాయించారు. ఆ అమ్మాయి రోజువారీ వరసలో రేవతిది ఆఖరి గంట. ఆమె వంతు వచ్చేసరికి ఆ పిల్ల ఆ రోజు అప్పటికే ఐదుగురి దగ్గర పాఠం విని ఉంది.

"అక్కా, మీరు కూడా మొదటి నుంచి చెబుతారా?" అని అడిగింది ఆ పిల్ల, గోడకు జారగిలబడి.

"నీకేం కావాలి?"

"నిద్ర కావాలక్కా."

"పడుకో అయితే" అంది రేవతి.

ఆ పిల్ల అలాగే ఒరిగి నిద్రపోయింది. రేవతి గంటసేపు తెర ముందు కూర్చుని, ఆఖర్న ఫొటో తీసి పంపించింది. "లబ్ధిదారు కన్నులు మూసుకొనియున్నందున ఈ గంట తిరస్కరించడమైనది" అని జవాబు వచ్చింది. మర్నాడూ అంతే. ఆ పిల్లకు రోజూ ఒక గంట నిద్ర, రేవతి ఖాతాలో రోజూ ఒక సున్న.

డిసెంబరు పన్నెండున ఉదయం పూట నూకరత్నం ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, ఇప్పుడు ఏడో ఆయన. మళ్లీ వాస్తవ సంఖ్యలే."

"నీకు నాలుగు అధ్యాయాలు వచ్చని చెప్పలేకపోయావా?"

"సెప్పినానక్కా. మూడో ఆయన పాపం మంచోడే, 'నిజమేనమ్మా, కానీ నా రికార్డులో మొదటి పాఠం రావాలి గదా' అన్నాడు. నాలుగో ఆవిడ పుస్తకం సూసి సదివీసింది. అయిదో ఆయనకి గసాభా తప్పొచ్చింది, నానే సరిసేసినాను. ఇప్పుడొచ్చినాయన ఉన్నాడే, హర్షిత్ అంట, మరల ఇంజనీరంట..."

"మెకానికల్ ఇంజనీరింగ్."

"అదే. రెండు వర్గమూలం కరనీయ సంక్య అని నిరూపించమన్నాడు. మూడు నిమిసాల్లో సెప్పీసినాను. ఆయనకి కోపమొచ్చేసింది. 'ఇలా ముందే చెప్పేస్తే నాకు గంట ఎలా నిండుతుంది? కాస్త తెలీనట్టు ఉండు' అన్నాడు."

"మరి ఏం చేశావు?"

"తెలీనట్టే ఉన్నాను. అయ్యాల్టి నుంచి తెలీనట్టుండడం బాగా వచ్చేస్తంది. ఆ వర్గ సమీకరనాలు మాత్రం మరిసిపోతన్నానక్కా. నిన్న సాయంత్రం ఒకటి సేద్దామని కూకున్నాను. ఏటి సెయ్యాలో గేపకం రాలేదు." ఆపైన, "అమ్మ ఏటీ అన్లేదు. బస్సు ఎన్ని గంటలకొస్తాదో పక్కింటోల్లని అడిగింది" అంది.

రేవతి అదే రోజు డీన్ గారి గదికి వెళ్లింది. ఆచార్యులవారు ఉత్సాహంగా ఉన్నారు. గోడమీద తెరలో సేవా గంటల సంఖ్య క్షణక్షణానికీ పెరుగుతోంది.

"సార్, సూరాడ నూకరత్నం పేరు జాబితా నుంచి తీసేయించండి."

"తొలగింపునకు నాలుగే కారణాలు ఉన్నాయి రేవతిగారూ. మరణం, వలస, పరికర రాహిత్యం, బలహీనత తొలగుట. వీటిలో ఏది?"

"బలహీనత తొలగిపోయింది సార్. నవంబరులో నలభై మూడు మార్కులు వచ్చాయి."

"ఆ నలభై మూడు పథకానికి పూర్వం వచ్చినవి. పథకానికి పూర్వం తొలగిన బలహీనతను మేము గుర్తించలేము. పథకంలో తొలగాలి. పంతొమ్మిది మంది సేవకులూ తమ తమ గంటలు పూర్తిచేసి, తొలగిందని విడివిడిగా ధ్రువీకరించాలి."

"అందరూ మొదటి పాఠమే చెబుతున్నారు సార్. మార్చిలో పధ్నాలుగు పాఠాల మీద పరీక్ష ఉంది."

పినాకపాణి గారు దయగా నవ్వారు. "పునాది గట్టిగా ఉండాలమ్మా."

"పునాది పంతొమ్మిదిసార్లు వేస్తే ఇల్లెప్పుడు కడతారు సార్?"

"ఇల్లు మన పథకం పరిధిలోకి రాదు" అన్నారు ఆచార్యులవారు. అది వెటకారం కాదు. ఆయన నియమావళి తెరిచి, పరిధి అన్న పేరా చూపించారు.

రేవతి ఈ సంభాషణంతా ఎర్రమ్మకు ఫోన్లో చెప్పింది. ఎర్రమ్మ అంతా విని, "ఆ మూడోది మళ్లీ సెప్పమ్మా" అంది.

"పరికర రాహిత్యం. అంటే ఫోను లేకపోవడం."

"ఫోను నేకపోతే వొగ్గేస్తారా?"

"రాసినదైతే అలాగే ఉంది."

అప్పుడు పడవ చెక్క మీద లేచి నిలబడిన చప్పుడు, తరవాత అలల చప్పుడు వినిపించాయి. "ఉంతానమ్మా" అన్న మాట కూడా వినిపించింది. ఆ తరవాత ఏమీ వినిపించలేదు.

ఫోను సముద్రం పాలయిన సంగతి మూడు రోజుల్లో కేంద్రానికి తెలిసింది. ఒక లబ్ధిదారు సేవకు దూరమైతే పంతొమ్మిది మంది పట్టాలు ఆగిపోతాయి. పంతొమ్మిది మంది తండ్రులు డీన్ గారికి ఫోన్లు చేశారు. పినాకపాణి గారు చలించిపోయారు. నిరుపేద మత్స్యకార బాలిక చదువు ఒక్క పరికరం కొరవడి ఆగిపోవడానికి వీల్లేదని ప్రకటించి, కొత్త ట్యాబ్లెట్ ఒకటి, దాన్ని నిలబెట్టే ఇనుప స్టాండు ఒకటి, సిగ్నల్ పట్టే డబ్బా ఒకటి తీసుకుని, షామియానా వేయించి, స్వయంగా ఆ ఊరి బడికి వచ్చారు.

సభలో ఆయన నూకరత్నాన్ని పక్కన నిలబెట్టుకుని, "చెప్పమ్మా, రెండు వర్గమూలం ఎలాంటి సంఖ్య?" అని అడిగారు.

ఆమె నిరూపణ మొత్తం ఊపిరి పీల్చకుండా అప్పజెప్పింది. షామియానా కింద చప్పట్లు మోగాయి. ఆచార్యులవారి కళ్లు చెమర్చాయి.

"ఈ పాఠశాలలో రెండేళ్లుగా గణిత ఉపాధ్యాయుడు లేడని కొందరు విచారిస్తున్నారు" అన్నారు ఆయన మైకులో. "ఒక్క ఉపాధ్యాయుడు పోతే పంతొమ్మిది మంది వచ్చారు! ఇక ఆ ఖాళీని ఖాళీ అనడం న్యాయమా?" ప్రధానోపాధ్యాయుడు తల ఊపాడు. ఆ పోస్టు అవసరం లేదని తీర్మానం అక్కడికక్కడే రాసి సంతకాలు పెట్టారు.

ఆచార్యులవారి కారు వెళ్లిపోయాక ఎర్రమ్మ ట్యాబ్లెట్‌ను కాసేపు తేరిపార చూసింది. సిగ్నల్ డబ్బా పుణ్యమా అని ఇప్పుడు అది పడవ మీద కాదు, ఇంట్లోనే పనిచేస్తోంది. దాన్ని కూడా విసిరేస్తే ఇంకా పెద్దది వస్తుందని ఆమెకు అర్థమైంది.

ఆ శనివారం రేవతి తెల్లవారు బస్సెక్కి, దిగి, ఆటో పట్టుకుని మొదటిసారి ఆ ఊరికి వచ్చింది. తెర మీద తప్ప చూడని పిల్ల తన భుజం దాకా వచ్చే ఎత్తు ఉందని అప్పుడే తెలిసింది. ముగ్గురూ గడపలో కూర్చుని ఆలోచించారు.

"ఆలకి కావలసింది ఏటమ్మా?" అంది ఎర్రమ్మ.

"ఒక ముఖం. కళ్లు తెరిచి ఉండాలి."

"నాకూ ఉందిగదా మొకం."

రేవతి నవ్వింది. ఎర్రమ్మ నవ్వలేదు. లేచి, జుట్టు రెండు జడలుగా అల్లుకుని, కూతురి ఓణీ భుజాన వేసుకుని, ఎండు నెత్తళ్ల తట్టతో సహా ట్యాబ్లెట్ ముందు కూర్చుంది. తొమ్మిదో సేవకుడు తెరలో ప్రత్యక్షమై, "నమస్కారం. ఈ రోజు వాస్తవ సంఖ్యలు నేర్చుకుందాం" అన్నాడు.

"అలగేనండి" అంది ఎర్రమ్మ, చేప తలకాయ తుంచుతూ.

నలభై ఏళ్ల మనిషి పదో తరగతి పిల్ల స్థానంలో కూర్చున్న సంగతిని ఆ రోజు గాని, ఆ తరవాత డెబ్బై నాలుగు రోజుల్లో గాని ఎవరూ కనిపెట్టలేదు. సేవకులు తెర మీద చూసేది గడియారాన్ని. కేంద్రంవాళ్లు ఫొటోల్లో చూసేది కళ్లు తెరిచి ఉన్నాయా లేదా అని. ఒకే ఒక్కసారి, "లబ్ధిదారు మిక్కిలి గంభీరముగా నున్నది. ఇకమీదట చిరునవ్వుతో నుండవలెను" అని సూచన వచ్చింది.

ఇంటి వెనక, బోర్లా వేసిన పడవ నీడలో నూకరత్నం చదువుకుంది. శని ఆదివారాలు రేవతి వచ్చి ఎదురుగా కూర్చునేది. మిగతా రోజులకు లెక్కలు రాసి ఇచ్చి వెళ్లేది. ఆ ఊళ్లో పదో తరగతి చదివేవాళ్లు ఇంకా ఆరుగురున్నారు. రేవతి వాళ్లనూ పిలిచింది. ఇద్దరు రెండు ఆదివారాలు వచ్చారు. సేవలో గంటలు తగ్గాయని వాళ్ల ఇళ్లకు నోటీసులు రావడంతో మానేశారు.

ఎర్రమ్మ మాత్రం పాఠం వింది. వినక తప్పలేదు, అదే పాఠం కాబట్టి అర్థం కాక కూడా తప్పలేదు. జనవరి చివర్లో పధ్నాలుగో సేవకుణ్ని ఆపి, "బాబూ, నలబై ఎనిమిది బారల తాడొకటి, ముప్పై ఆరు బారల తాడొకటి ఉన్నాయనుకో. ముక్క మిగలకుండా రెండూ ఒక్కలాగే కొయ్యాలంటే పన్నెండు బారలేసి గదా? మీ గసాభా అంటే అదే గదా?" అని అడిగింది.

ఆ అబ్బాయి పుస్తకం తిరగేసి, "తాళ్లు మన సిలబస్‌లో లేవమ్మా" అన్నాడు.

"పడవలో ఉన్నాయి బాబూ" అంది ఎర్రమ్మ.

పడవ నీడలో అధ్యాయాలు ఒకటొకటిగా సాగాయి. మరిచిపోయిన వర్గ సమీకరణాలు రెండు రోజుల్లో తిరిగి వచ్చాయి. త్రిభుజాల దగ్గర నూకరత్నం మొరాయించింది.

"నాకు రాదక్కా ఇది. వొదిలీ. బస్సెక్కిపోతాను."

"ఎక్కు. ఈ ఒక్కటీ చేసి ఎక్కు."

చేసింది. తరవాతది కూడా చేసింది. ఫిబ్రవరి ఆఖరికి పన్నెండు అధ్యాయాలు పూర్తయ్యాయి.

మార్చి మొదటి వారంలో రేవతికి మెమో అందింది. హర్షిత్ తన ముప్పయ్యో గంట ఫొటో తీస్తుండగా, కిటికీలోంచి వెనక పడవ దగ్గర రేవతి కూర్చున్న దృశ్యం అందులో పడింది. లబ్ధిదారు ఎవరో గుర్తించని కేంద్రం, కిటికీలోని రేవతిని మాత్రం గుర్తించింది. "అనుమతి లేకుండ, భౌతికముగా ఎదురెదురుగా కూర్చొని, ఒక లబ్ధిదారుకు మొదటి అధ్యాయమునకు మించిన గణితము వచ్చునట్లు చేసిన అభియోగముపై" సంజాయిషీ కోరారు. అభియోగం రుజువైతే విశ్వవిద్యాలయం నుంచి బహిష్కరించవచ్చు.

విచారణ సంఘానికి పినాకపాణి గారే అధ్యక్షులు.

"మీరు ఆ బాలికకు బోధించారా?"

"బోధించాను సార్."

"ఎన్ని గంటలు?"

"లెక్కపెట్టలేదు."

"ఫొటోలు ఉన్నాయా? ఆ బాలిక మీ ఎదుట ఉండగా, కన్నులు తెరిచి?"

"లేవు సార్. కిటికీ ఫొటోలో నేను ఒక్కదాన్నే ఉన్నాను."

సంఘంవాళ్లు పక్కకు వెళ్లి చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. తిరిగి వచ్చాక ఆచార్యులవారు గంభీరంగా తీర్పు చదివారు. తొమ్మిదో నియమం ప్రకారం, ఫొటో లేని బోధన జరగనట్లే. జరగని బోధనకు శిక్ష విధించడం న్యాయసమ్మతం కాదు. కాబట్టి అభియోగం కొట్టివేయడమైనది. జరగని బోధనకు సేవా గంటలు మంజూరు చేయడం కూడా న్యాయసమ్మతం కాదు. కాబట్టి నిందితురాలి సేవ సున్న గంటలుగా ఖరారు చేయడమైనది.

"అర్థమైందా?" అని అడిగారు ఆయన.

"అర్థమైంది సార్" అంది రేవతి. "రేపు పదమూడో అధ్యాయం చెప్పాలి. బస్సుకు టైమవుతోంది."

పదో తరగతి ఫలితాలు మే ఆరో తేదీన వచ్చాయి. సూరాడ నూకరత్నానికి గణితంలో అరవై ఏడు మార్కులు వచ్చాయి. ఎర్రమ్మ ఆమెను మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేర్పించింది.

విశ్వవిద్యాలయం జూన్ నెలలో పథకం నివేదిక ప్రచురించింది. అందులో, తమ లబ్ధిదారు ఉత్తీర్ణత పొందినట్లు నూకరత్నం సేవకులు పంతొమ్మిది మందీ విడివిడిగా నమోదు చేశారు. ఆ లెక్క ప్రకారం ఆ ఊళ్లో గణితంలో ఉత్తీర్ణులైనవారు పంతొమ్మిది మంది. ఆ ఊళ్లో పదో తరగతి పరీక్ష రాసినవారు ఏడుగురు. గణితంలో ఉత్తీర్ణురాలైనది ఒక్కరు.

పథకానికి ఉత్తమ సేవా పురస్కారం లభించింది. సున్న గంటల సేవ కారణంగా బొంతు రేవతి ఎమ్మెస్సీ పట్టా నిలిపివేయబడింది.